గణనగ్రంథములలో ఉపపత్తి స్థానము

పైథాన్ భాషలో శాస్త్రగణనలు చేయువారికి నమ్‌పై యనెడు సాఫ్ట్‌వేరు భాండారము సుపరిచితము. అందలి ప్రతి ఫంక్షనుకును జతపరుపవలసిన వివరణపత్రము ఎట్లుండవలెనో నిర్దేశించు నియమావళి యొకటి కలదు. మొదట ఏకవాక్య పరిచయము, పిదప కొలదివాక్యముల విస్తృతపరిచయము, ఆ వెనుక ఇవ్వవలసిన విలువల వివరము, వచ్చు ఫలితముల వివరము, ఉదాహరణములు, ఇట్లు క్రమము సాగును. విస్తృతపరిచయమును గూర్చి చెప్పుచు, ఆ తావున ఫంక్షను చేయు పనిని స్పష్టపరుపవలయునే గాని దాని వెనుకనున్న సిద్ధాంతమును చర్చింపరాదనియు, అట్టి చర్చ దిగువనుండు ‘నోట్స్’ భాగమునకు చేరవలెననియు ఆ నియమావళి శాసించుచున్నది. పైకి ఇది సంపాదకుల చిన్న సౌకర్యమువలె తోచును. గణనపద్ధతిని కనిపెట్టినవాడొకడును, దానిని నిత్యము ప్రయోగించువాడు వేరొకడును అయిన నాటినుండియు విద్వాంసులను వేధించుచున్న ప్రశ్న యొకటి ఈ చిన్న నియమమునందు అణగియున్నది: పద్ధతిని చెప్పుచోటనే దాని కారణమునుగూడ చెప్పవలెనా, వేరొకచోట చెప్పవలెనా, అసలు చెప్పనే వలదా?

మన దేశమునందలి జ్యోతిర్గణితవేత్తలు ఈ ప్రశ్నకు గ్రంథజాతులనే వేరుచేసి సమాధానము చెప్పిరి. కల్పాదినుండి గ్రహగతులను గణించునది సిద్ధాంతము, యుగాదినుండి గణించునది తంత్రము, గ్రంథకర్త తన కాలమునకు సమీపమున నొక దినమును ఎన్నుకొని యచటనుండి లెక్కించునది కరణము. గణనారంభమును బట్టి ఏర్పడిన విభాగమే యైనను ఆచరణమున నిది చదువరులను బట్టిన విభాగముగా పరిణమించినది. సిద్ధాంతమును చదువువాడు ఖగోళమెట్లు తిరుగుచున్నదో తెలిసికొనగోరును. కరణమును చేతబట్టినవాడు రేపటి తిథి ఎన్ని ఘడియలవరకు నుండునో తెలిసికొనగోరును. భాస్కరాచార్యుడు తన ముప్పదియారవ యేట, క్రీ.శ. 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించి, దానికి తానే వాసనాభాష్యమను వ్యాఖ్యను సంతరించి, శ్లోకములలో నిమిడిన ప్రక్రియలకు ఉపపత్తులను, అనగా కారణనిరూపణములను, గద్యమున వివరించెను. అదే మనీషి 1183లో కరణకుతూహలమును రచించునప్పుడు, పంచాంగగణకునకు చేతిక్రింద నుండదగిన రీతిని, ప్రక్రియలను సంక్షేపించి చెప్పెను. ఉపపత్తి యెరుగని వాడెవడును అట్టి సంక్షేపమును చేయజాలడు. ఏది విడువవచ్చునో తెలియుటకు సమస్తమును తెలిసియుండవలెను గదా.

ఈ మార్గమున పరాకాష్ఠ నందుకొన్నది కొంకణతీరమునందలి నందిగ్రామవాసి గణేశదైవజ్ఞుడు 1520లో రచించిన గ్రహలాఘవము. గ్రహస్ఫుటమునకు ప్రాణమైన జ్యాచాపములనే ఆయన పరిహరించెను. జ్యాపట్టిక యక్కరలేకుండ సామాన్యమైన గుణకారభాగహారములతోనే వానికి సన్నిహితమగు ఫలితములు వచ్చునట్లు సూత్రములను కల్పించెను. దినములసంఖ్య పెరిగి గణకుడు అలసిపోకుండుటకై 4016 దినములను, అనగా సుమారు పదునొకండు సంవత్సరములను, ఒక చక్రముగా గ్రహించి లెక్కను చిన్నదిగా నుంచెను. ఇంతటి నేర్పుతో కూర్చిన గ్రంథమునందు ఆ కూర్పునకు కారణము మాత్రము చెప్పబడలేదు. ఫలానా సంఖ్యచే గుణింపుము, ఫలానా సంఖ్యచే భాగింపుము అని యాదేశము మాత్రమే కనబడును. ఆ సంఖ్య ఎచ్చటనుండి వచ్చినదో ఎరుగగోరిన శిష్యునకు తరువాతి కాలమున మల్లారి వ్రాసిన వ్యాఖ్య ఉపపత్తులను బోధించెను. చేసి చూపినగాని తలకెక్కని వానికి విశ్వనాథదైవజ్ఞుడు వ్రాసిన ఉదాహరణవ్యాఖ్య అంకెలతో లెక్కలు కట్టి చూపెను. మూలము, ఉపపత్తి, ఉదాహరణము అను మూడును ముగ్గురి చేతులమీదుగా మూడు గ్రంథములైనవి; మూడింటికిని అంకురము ఒక్కటే. ఇంతచేసిన గణేశుడు ఉపపత్తి యనిన విముఖుడు కాడు. లీలావతికి 1545లో ఆయన రచించిన బుద్ధివిలాసినియందు ఉపపత్తులను పుష్కలముగా నిరూపించియున్నాడు. కరణమునందు మౌనము వహించుటయు వ్యాఖ్యయందు విప్పిచెప్పుటయు ఆయన బుద్ధిపూర్వకముగా చేసిన స్థాననిర్ణయమే యని నేను గట్టిగా నమ్ముచున్నాను.

తెలుగునాటి పండితులు ఈ వ్యాఖ్యాసంప్రదాయమునకు చేసిన సేవ సామాన్యము కాదు. 12వ శతాబ్దమున మల్లికార్జునసూరి సూర్యసిద్ధాంతమునకు సంస్కృతమునందే గాక తెలుగునందును వ్యాఖ్య రచించెను. మూలము దేవభాషలో నుండగా వివరణము గణకుని యింటిభాషలో నుండవలెనన్న భావము అప్పటికే మనవారికి పొడమియుండెనన్నమాట. 15వ శతాబ్దమున శ్రీశైలప్రాంతవాసియగు యల్లయ, ఆర్యభటీయమునకు సూర్యదేవయజ్వ వ్రాసిన వ్యాఖ్యను ఆధారముగా గొని, దానికి చాలనిచోట ఉదాహరణములను చేర్చి పూరించెను. పూర్వుని వ్యాఖ్యను ఖండింపవలెననిగాని, దానిని త్రోసి తన వ్యాఖ్యను నిలుపవలెననిగాని ఆయనకు తోచలేదు. చదువరి ఎచ్చట తడబడునో గుర్తించి యచ్చట నొక లెక్కను నిలిపినాడు. నేడు పరులు వ్రాసిన ప్రోగ్రాముల వివరణపత్రములకు ఉదాహరణములు చేర్చు సేవకులు తమ కులగురువునిగా తలపదగినవాడు యల్లయ.

కేరళమున వేరొక విధమైన ఏర్పాటు జరిగెను. నీలకంఠసోమయాజి 1500 ప్రాంతమున తంత్రసంగ్రహమును నాలుగువందలకు పైబడిన సంస్కృతశ్లోకములలో రచించెను. ప్రక్రియలు సుసంపన్నములు, ఉపపత్తులు స్వల్పములు. కొన్ని దశాబ్దముల పిదప, సుమారు 1530లో, జ్యేష్ఠదేవుడు తంత్రసంగ్రహము ననుసరించి గ్రహగతికి ఉపయోగించు గణితమునంతను చెప్పెదనని ప్రతిజ్ఞచేసి, మలయాళగద్యమున యుక్తిభాషను వ్రాసెను. వృత్తపరిధికిని జ్యాచాపములకును సంబంధించిన అనంతశ్రేణులు ఎట్లు సిద్ధించునో అడుగడుగున తర్కించి చూపిన గ్రంథమది. ఛందస్సు కంఠస్థమునకు అనుకూలము, గద్యము అవగాహనకు అనుకూలము. ఏ జ్ఞానము ఎచ్చట నుండవలెనో నిర్ణయించునప్పుడు, ఏ జ్ఞానము ఏ రూపమున నుండవలెనను ప్రశ్నగూడ వెంటవచ్చునని ఆ పండితులు చక్కగ నెరిగియుండిరి.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి, ఉపపత్తిని వేరొక గ్రంథమున నుంచుట నిరపాయమని తోపవచ్చును. అపాయము లేకపోలేదు; అది దాగియున్న తావు వేరు. క్రీ.శ. 683లో హరిదత్తుడు ప్రవర్తింపజేసిన పరహితగణనము కేరళమున శతాబ్దముల తరబడి వాడుకలో నిలిచెను. కాలము గడచినకొలదియు గణితమునకును ఆకాశమునకును అంతరము పెరుగసాగెను. పరమేశ్వరుడు దీర్ఘకాలము గ్రహణములను స్వయముగా పరిశీలించి 1431లో దృగ్గణితమను నూతనపద్ధతిని నెలకొల్పవలసివచ్చెను. ప్రతి కరణమునకును ఒక ఆయుర్దాయము కలదు. ఆరంభదినమునుండి దూరమేగినకొలది, మొదట ఉపేక్షించిన స్వల్పదోషములు కూడికూడి దృశ్యములగును. ఆ యవధి ఎంతయో తెలిపెడు సమాచారము వ్యాఖ్యలలోనో గురుముఖమునందో నిలిచిపోయి, మూలగ్రంథము మాత్రము ఊరూరికిని వ్యాపించినచో, దానిని వాడువానికి సంస్కారము చేయవలసిన వేళ వచ్చినదని తెలియు మార్గమేది?

ఈ స్థితికి ప్రసిద్ధమగు సాక్ష్యమొకటి 1825లో చెన్నపురియందు ముద్రితమైన కాలసంకలితమునందు కలదు. గ్రంథకర్త జాన్ వారెన్, ఒకప్పుడు చెన్నపురి నక్షత్రశాల బాధ్యతలు నిర్వహించిన సైన్యాధికారి. పుదుచ్చేరియందొక పంచాంగకర్త, పుస్తకమేదియు ముందుంచుకొనక, కంఠస్థములైన వాక్యములనుండి పట్టికాంకములను స్మరించుచు, నేలపై గవ్వలను పేర్చుచు తీయుచు, ఆ సంవత్సరము మే 31 - జూన్ 1 నాటి చంద్రగ్రహణమును గణించి యిచ్చుట ఆయన కన్నులార చూచెను. ఆ గణకునకు తాను చేయు లెక్కల వెనుకనున్న సిద్ధాంతము తెలియదని వారెన్ వ్రాసినాడు. లెక్క ఫలించెను: గ్రహణారంభమునందు తేడా నాలుగు నిమిషములు మాత్రమే. మధ్యకాలమున నది 23 నిమిషములు, మోక్షకాలమున 52 నిమిషములు. దీనిని చదివిన పాశ్చాత్యపండితులు అతని ధారణాశక్తికి అబ్బురపడిరి. నాకును ఆ ధారణయందు అపారమైన గౌరవము కలదు, ఏలయన శతాబ్దముల గణితమును ఒక మానవుడు తన కంఠమున మోసికొని వచ్చినాడు. కాని నా మనస్సును కలచునవి చివరి 52 నిమిషములు. ఆ తేడా వచ్చినప్పుడు దానిని సరిదిద్దుటకు వలసిన జ్ఞానము అతని చేతికి అందునంత దూరమున లేదు. పద్ధతిని నిర్దోషముగా అప్పగించిన పరంపర, పద్ధతికి గల హద్దును అప్పగింప మరచినది.

ఐరోపాలో ఈ విభజన అంతే స్పష్టముగ జరిగిన సందర్భము సంవర్గమానముల చరిత్రలో కనబడును. స్కాట్లండునందలి జాన్ నేపియర్ 1614లో వెలువరించిన గ్రంథమునందు సంవర్గమానముల స్వరూపమును, పట్టికలను, వానిని త్రికోణగణనలలో వాడు తీరును వర్ణించెను. ఆ పట్టికలను నిర్మించిన విధానమును మాత్రము, పండితులు ఈ నూతనకల్పనను ఎట్లు ఆదరింతురో చూచి పిమ్మట ప్రకటించెదనని యాపియుంచెను. 1617లో ఆయన మరణించెను. నిర్మాణవిధానగ్రంథమును ఆయన కుమారుడు 1619లో ముద్రింపించెను. ఆ కుమారుడు తండ్రి వ్రాతప్రతిని భద్రపరచియుండనిచో, ఉపపత్తిని వాయిదావేసిన యా నిర్ణయము ఎంత నష్టము తెచ్చియుండెడిదో!

కంప్యూటరుయుగమునకు వత్తము. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ యంత్రము 1949 మే 6న తన తొలి ప్రోగ్రామును నడపెను. దానికై అచటివారు సిద్ధపరచిన ఉపప్రోగ్రాములు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీలుగా ఉక్కు అలమరయందు భద్రపరుపబడెను. వలసినవారు వానిని తీసి నకలుచేసికొనెడివారు. 1951లో విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు ప్రకటించిన గ్రంథము ఈ విద్యకు ఆదిగ్రంథము. అందు మొదటి భాగము ప్రోగ్రాములు వ్రాయు విధానమునకు, రెండవది ఉపప్రోగ్రాముల నిర్దేశపత్రములకు, మూడవది ఎన్నుకొన్న కొన్నిటి సంపూర్ణపాఠములకు కేటాయింపబడెను. పద్ధతి నొకచోట, ప్రయోగము నొకచోట, అంతరంగము నొకచోట ఉంచిన యీ కూర్పు మన మూలవ్యాఖ్యోదాహరణముల కూర్పునకు ఎంత సన్నిహితము! మరుసటి యేట, 1952లో, వీలర్ ఉపప్రోగ్రాములను గూర్చి యొక సభలో సమర్పించిన వ్యాసమున, ప్రోగ్రామును వ్రాసి పరీక్షించిన తరువాతగూడ, లోపలి రచన తెలియనివాడు సులభముగా వాడుకొనునట్లు దానిని వర్ణించుట యను పెద్దపని మిగిలియుండుననియు, అన్నిటికంటె కష్టమైన పని అదే కావచ్చుననియు విన్నవించెను. ఎలెక్ట్రానిక్ కంప్యూటరు పుట్టిన కొలది యేండ్లకే ఈ మాట పలికిన వీలర్ దూరదృష్టికి నమస్కరింపవలెను.

అటుపైని ఒక్కొక్క సంప్రదాయము ఒక్కొక్క త్రోవ త్రొక్కెను. ఐబీఎం 704 యంత్రమునకై 1956 అక్టోబరులో వెలువడిన ఫోర్ట్రాన్ మాన్యువల్ నియమములను మితముగా చెప్పి యూరకుండగా, మరుసటి సంవత్సరమే క్రొత్తవారికై ప్రత్యేకముగా ప్రథమపాఠగ్రంథము వెలువడెను. 1971 నవంబరు 3 తేదీతో వెలసిన యూనిక్స్ మాన్యువల్ ప్రతి ఆదేశమునకును ఒక పుటను కేటాయించి, పేరు, వాడు రూపము, వర్ణనము అను శీర్షికల క్రింద ముక్తసరిగా విషయమును చెప్పెను. 1979 నాటి ఏడవ కూర్పులో రెండవ సంపుటము వెలువరించి, దీర్ఘవ్యాసములను, పాఠములను అందు చేర్చిరి. ఆ పుటల మొత్తములో నాకు అత్యంతము పూజ్యముగా తోచునది తుదనుండు ‘బగ్స్’ అను శీర్షిక. సిద్ధాంతమును రెండవ సంపుటమునకు పంపిన యా రచయితలు లోపములను, హద్దులను మాత్రము ఆదేశముతోపాటు అదే పుటయందు నిలిపిరి. పుదుచ్చేరి గణకునకు లభింపనిది ఇదియే.

డోనాల్డ్ నూత్ మహాశయుడు ఇంకొక యుపాయమును పన్నెను. 1984 నాటి టెక్‌బుక్ నందు, మొదటిసారి చదువువాడు దాటిపోదగిన గహనభాగములకు ప్రక్కన, రహదారిపై ప్రమాదకరమగు మలుపును సూచించు గుర్తును ముద్రించెను; మరింత గహనమైనచో రెండు గుర్తులు. జ్ఞానమును వేరు గ్రంథమునకు వెడలగొట్టక, ఉన్నచోటనే యుంచి, ఎవరికై యున్నదో తెలిపెడు ఏర్పాటిది. రేఖీయ బీజగణితసమీకరణములను సాధించు లాపాక్ ఉపప్రోగ్రాముల వాడుకగ్రంథము, మొదట 1992లో ముద్రితమై, ఇట్టి నీతినే అవలంబించెను. ఫలితమున ఎంత దోషముండవచ్చునో లెక్కించు ప్రోగ్రాముఖండమును ముందుగా నిచ్చి, దానికి కారణమైన గణితమును ‘మరిన్ని వివరములు’ అను ఉపశీర్షికల క్రింద నిచ్చి, తొందరగలవారు దానిని దాటవచ్చునని యనుమతించెను. దోషపరిమితిని గణించుట మాత్రము దాటదగిన భాగమున పెట్టలేదు. ఈ వివేకమును నేను వేయినోళ్ళ కొనియాడుదును. 1986లో ప్రెస్, ఆయన సహచరులు రచించిన న్యూమరికల్ రెసిపీస్ గ్రంథము సిద్ధాంతమును, ప్రోగ్రామును ఒకే యధ్యాయమున కలిపి చెప్పి శాస్త్రజ్ఞుల ఆదరమునకు పాత్రమైనది. అది చదువుకొనుటకు మిక్కిలి హృద్యము. పనివేళ ఒక విలువకొరకు వెదకుకొనువానికి మాత్రము దీర్ఘము.

ఇటీవల డానియేల్ ప్రోచిడా వివరణసాహిత్యమును నాలుగుగా విభజించి ప్రచారము చేసెను: అభ్యాసపాఠములు, కార్యసాధనమార్గదర్శకములు, నిర్దేశగ్రంథములు, విశదీకరణములు. నమ్‌పై సంఘమువారు 2020లో తమ వివరణపత్రములను పునర్వ్యవస్థీకరింప సంకల్పించి వ్రాసికొన్న ప్రతిపాదన ఈ విభాగమునే ఆధారము చేసికొన్నది. విభాగము మెచ్చదగినదే. ఐనను దానిని యాంత్రికముగా పాటించువారు, పూర్వజ్ఞానమనునదెల్ల విశదీకరణవర్గమునకే చెందునని తలచి, నిర్దేశపుటను పూర్తిగా నిస్సారము చేయుదురు. పూర్వజ్ఞానమునందు సూత్రమెట్లు పుట్టినదో చెప్పెడి భాగమొకటి, సూత్రమెప్పుడు చెల్లదో చెప్పెడి భాగమొకటి అని రెండు పాళ్ళు కలవు. మొదటిదానిని గ్రంథాంతరమున నుంచుటకు మల్లారియు, జ్యేష్ఠదేవుడును ప్రమాణము. రెండవదానిని నిర్దేశపుటనుండి తొలగించుటకు ఏ ప్రమాణమును లేదు.

దీనికి నిత్యానుభవమునుండి యొక లెక్క చూపుదును. 2, 4, 4, 4, 5, 5, 7, 9 అను ఎనిమిది సంఖ్యల సగటు 5, సగటునుండి వాని వ్యత్యాసముల వర్గముల మొత్తము 32. దీనిని 8చే భాగించి వర్గమూలము తీసినచో ప్రామాణిక విచలనము 2. ఎనిమిదింటికి మారుగా 7చే భాగించినచో అది సుమారు 2.14. నమ్‌పై ఏ సూచనయు ఈయనిచో 8చే భాగించును. ఆర్ భాషయు, పైథాన్‌నందే యున్న పాండాస్ భాండారమును 7చే భాగించును. చేతనున్న సంఖ్యలే సమస్తసముదాయమైనచో మొదటిది యుక్తము. అవి పెద్ద సముదాయమునుండి తీసిన మచ్చుతునకలైనచో, ఆ సముదాయపు విస్తృతిని అంచనావేయుటకు రెండవ భాగహారము యుక్తము. సగటును గూడ అవే సంఖ్యలనుండి తీసినందున వ్యత్యాసములు కొంచెము తక్కువగా కనబడును, ఆ తక్కువను ఒకటి తగ్గించి భాగించుట సరిదిద్దును. ఒక ప్రయోగశాలయందు ఇరువురు విద్యార్థులు ఒకే కొలతలను రెండు భాండారములతో లెక్కించి రెండు ఫలితములు పొందినచో, ఇది తెలియనివారికి యంత్రమే తప్పినట్లు తోచును. ఇట్టిదానిని గణాంకశాస్త్రపాఠ్యగ్రంథమున చూచికొనుడని పంపివేయుట న్యాయము కాదు. ఏ భాజకము వాడబడుచున్నదో, ఏ సందర్భమునకు అది తగునో ఆ పుటయందే తెలియవలెను. దాని పూర్తి నిరూపణము పాఠ్యగ్రంథమున నుండుగాక.

ఫూరియే పరివర్తనము విషయమున నమ్‌పైవారు చేసిన ఏర్పాటును గూడ పేర్కొనవలెను. ఆ విభాగమునకంతకును కలిపి ఒక పీఠికాపుట యున్నది. పరివర్తనమన నేమో, ఈ వేగపద్ధతి 1805లో గౌస్‌కు తెలిసియుండి, 1965లో కూలీ, టూకీలచే నేటిరూపమున ఎట్లు వెలుగులోనికి వచ్చినదో, గుణకమును ముందుపరివర్తనమునందు గాక విలోమపరివర్తనమునందు ఎట్లు కలుపుదురో అచట చెప్పబడినది. విభాగమునందలి పరివర్తన ఫంక్షనుల పుటలు ఆ పీఠికను చూపించును. పలు ఫంక్షనులకు సమానమైన పూర్వజ్ఞానమును ఒక్కొక్క పుటయందు మరల మరల వల్లింపక, వానికన్నిటికిని పైనొకచోట నిలుపుట ఇందలి సొబగు. దానికి పోవు త్రోవ ఆ పుటలనుండియే యుండుట ఇందలి న్యాయము.

ప్రామాణిక విచలనపు పుటలోగూడ నిటీవల మార్పు వచ్చినది. 2024లో నమ్‌పై రెండవ మహాసంస్కరణము వెలువడినప్పుడు, భాజకమును తగ్గించుటకు మునుపున్న పేరునకు తోడుగా ‘కరెక్షన్’ అను మరియొక పేరును అంగీకరించిరి. నేటి వివరణపత్రమున ‘నోట్స్’ భాగము ఈ గణనకు పలు రూపములు వాడుకలో నున్నవని చెప్పి, తాము వాడు సూత్రమును సమీకరణముతో చూపి, ఇతర గణనసాధనములు తరచుగా వేరొక రూపమును గ్రహించునని హెచ్చరించి, ఏది యెప్పుడు ఉపయోగపడునో తెలుపుచున్నది. ఏకవాక్యపరిచయము మునుపటివలెనే ఏకవాక్యముగ నున్నది. హద్దు దాని క్రిందనే, అదే పుటయందు, వాడువాని కంటికి అందుబాటులో నున్నది.